మామయ్య కొడుకు ఏమవుతాడు

ఏడో తరగతికి భిన్నత్వం, వలసలు చెప్పాల్సి వచ్చిన ప్రతి ఏడూ నాకు ఒళ్లు మండుతుంది. పాఠం మీద కాదు, అందులో ఉండే బొమ్మల మీద. ఒక పేజీ నిండా రకరకాల బట్టలు కట్టుకుని నవ్వుతూ నిలబడ్డ మనుషులు. ఒకరి తలపాగా ఎరుపు, ఒకరి టోపీ తెలుపు. వాళ్లలో ఒక్కరు కూడా రేపల్లె బస్టాండులో ఇంతవరకూ నాకు ఎదురుపడలేదు. పిల్లలు ఆ బొమ్మలు చూసి, ఎవరి చీర బాగుందో కాసేపు పోట్లాడుకుని, పేజీ తిప్పేస్తారు.

నేను పుట్టింది బాపట్ల, కాపురం తెనాలి, ఉద్యోగం రేపల్లె. పొద్దున్నే తెనాలిలో రైలు బండెక్కి వెళ్లడం, సాయంత్రం మళ్లీ అదే దారిన రావడం. నాతోపాటు మా బడి హిందీ మాస్టారు కూడా వస్తారు. ఆయనదీ తెనాలే. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, బళ్లో హిందీ. జాతీయ సమైక్యత పేరుతో బళ్లో ఏ కార్యక్రమం పెట్టినా ఆయన్ని షేర్వానీ వేసుకు రమ్మంటారు. "మా నాన్న లుంగీ కట్టుకుని పెసరట్టు తిన్న మనిషండీ, నేను షేర్వానీ ఎక్కణ్ణుంచి తేను?" అంటారాయన. అంటూనే ఎవరినో ఒకరిని అడిగి తెచ్చి వేసుకుంటారు.

ఈ ఏడు ఆ బొమ్మల జోలికి పోదలచుకోలేదు. భిన్నత్వం కోసం ఎక్కడికో ఎందుకు, మన ఇళ్లే చూద్దాం అనుకున్నాను. పిల్లల్ని వంశవృక్షం గీసుకు రమ్మన్నాను. ఇంట్లో ఎవరు ఏ ఊరి నుంచి వచ్చారో, ఎవరు ఎవరికి ఏమవుతారో అందులో రాయాలి. అబ్బో, గొప్ప ఆలోచన చేశాననుకుని రెండు రోజులు తెగ సంబరపడ్డాను.

తెచ్చారు. చూస్తే ఏముంది, అందరిదీ రేపల్లే. కాదంటే పక్కనే ఉన్న నగరం అనే ఊరు. తాతదీ ఈ ఊరే, ముత్తాతదీ ఈ ఊరే, ఎవరూ ఎక్కణ్ణుంచీ రాలేదు. మీ అమ్మది కూడా ఈ ఊరేనా అని ఒకణ్ణి నిలదీస్తే, కాదండి, చెరుకుపల్లి అన్నాడు. మరి రాయలేదేం అంటే వాడు నా వైపు జాలిగా చూసి, "అమ్మ కోడలు కదండీ, వలసేంటి?" అన్నాడు. నవ్వాలో తిట్టాలో నాకు తెలియలేదు. బాపట్ల నుంచి ట్రంకుపెట్టె, కుట్టుమిషను వేసుకుని తెనాలి వచ్చినదాన్ని నేను. మా వీధిలో ఇప్పటికీ నేను బాపట్ల పిల్లనే, బాపట్ల వెళ్తే తెనాలి ఆవిణ్ణి. నేను వచ్చానో, ఉన్నానో, వెళ్లానో వాడి లెక్క ప్రకారం తేలలేదు.

సరే, అసలు సంగతి ఇది కాదు.

ఆ క్లాసులో ఒక ఆడపిల్ల ఉంది. అడుగులు వేసే వయసులో వాళ్ల అమ్మానాన్నలతో బీహార్ నుంచి వచ్చింది. తండ్రి ఇక్కడి రైసు మిల్లులో బస్తాలు మోస్తాడు, తల్లి అదే మిల్లులో ధాన్యం ఎండబోసి, తిరగేసి, ఊడ్చి పోగుచేస్తుంది. పిల్ల తెలుగు వింటే వేరే ఊరిదని ఎవరూ అనుకోరు. కోపం వస్తే "ఏంటే నీ గోల" అని మూతి తిప్పుతుంది. ఆ మూతి తిప్పడం అచ్చంగా మా డెల్టా సొమ్ము.

ఆ పిల్ల గీసిన చెట్టులో కొత్తగా ఒక కొమ్మ ఉంది. వాళ్ల మామయ్య కొడుకు, పాతికేళ్ల లోపు కుర్రాడు, ఆ మధ్యనే మిల్లులో పనికి వచ్చాడట. అతను ఏమవుతాడో ఆ పిల్ల రాయలేదు. పక్కనున్న ఆడపిల్లలు ఊరుకుంటారా? మామయ్య కొడుకంటే బావేగా, రాయవే అన్నారు. రాసింది. ఇక క్లాసంతా ఒకటే గోల. మీ బావకు మీసాలున్నాయా, మీ బావ నీకేం తెచ్చాడే అని. పిల్ల మొహం చూడాలి, చాటంత అయింది. మా వైపు ప్రతి ఆడపిల్లకీ ఏడిపించడానికి ఒక బావ ఉంటాడు. పెళ్లీ గిళ్లీ తర్వాత సంగతి, ముందు ఏడిపించుకోవడానికి ఒకడుండాలి. ఆ పిల్లకు మాత్రం అప్పటిదాకా ఎవరూ లేరు. నేనూ నవ్వుకుని, కాగితం మీద టిక్కు పెట్టాను.

మర్నాడు ఆ పిల్ల రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. జ్వరమేమో అనుకున్నాను. ఆ వారం చివర్లో ఆడపిల్లలే వచ్చి చెప్పారు, దాన్ని వాళ్ల ఊరు పంపించేస్తున్నారంట మేడమ్, వాళ్ల నాయనమ్మ దగ్గరకంట, ఇంక రాదంట అని. ఎందుకే అంటే ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఇంటికెళ్లి ఆ కుర్రాణ్ణి బావా అని పిలిచిందట. వాళ్లమ్మ చెంప పగలగొట్టిందట.

నాకేమీ అర్థం కాలేదు. బావని బావా అంటే కొట్టడమేంటి? ఆ మాట హిందీలో ఏదైనా బూతేమోనని మాస్టారినడిగాను. కాదండి అన్నారాయన. అని, ఏదో ఆలోచించి, వాళ్లలో అలా ఉండదండి అన్నారు. ఎలా ఉండదు? ఆ రోజు బడి అయ్యాక, సాయంత్రం బండికి ఇంకా టైముందని, ఇద్దరం మిల్లుకు వెళ్లాం.

మిల్లు వెనక వరసగా రేకుల గదులు. గాలి నిండా ఊక ధూళి. ఆవిడ మమ్మల్ని చూసి చీపురు పక్కన పడేసి, చీరకొంగు తల మీదకు లాక్కుని, మంచం వాల్చింది. తండ్రి లారీ దగ్గర లోడింగులో ఉన్నాడు. పిల్ల గుమ్మంలో కూర్చుని ఉంది, స్కూలు యూనిఫాంలోనే. బడికి పంపకపోయినా రోజూ అదే వేసుకుంటోందని తర్వాత తెలిసింది. ఆవిడ మాకు స్టీలు గ్లాసుల్లో టీ ఇచ్చి, నిలబడే మాట్లాడింది. ఆవిడ హిందీలో చెప్పడం, మాస్టారు నాకు తెలుగులో చెప్పడం.

మామయ్య కొడుకంటే వాళ్లకు అన్న. సొంత అన్నకూ అతనికీ తేడా లేదు. ఈ పిల్ల అతనికి రాఖీ కట్టింది. అలాంటి వాణ్ణి ఆ మాటతో పిలిచింది. ఆ మాటకు అర్థం ఏంటో ఆవిడకు బాగా తెలుసు, మిల్లులో ఆడవాళ్లు పొద్దస్తమానం దాంతోనే ఎకసెక్కాలు ఆడుకుంటారు. ఆ కుర్రాడు సిగ్గుతో చచ్చిపోయి ఆ పూట అన్నం కూడా తినలేదట. వారంలో పండక్కి ఊరెళ్తున్నాడు, పిల్లనీ అతనితో పంపించేస్తారు. ఇంకొన్నాళ్లు ఇక్కడే ఉంటే అదే నిజమనుకుంటుంది అని ఆవిడ భయం.

పిల్లలు సరదాకి అన్నారు తల్లీ, మాకిదంతా మామూలే అన్నాను. ఆవిడ మొహంలో మార్పు లేదు. నాకు ఉక్రోషం వచ్చింది. ఒక చదువుకునే పిల్లని పట్టుకుని, ఏదో ఒక్క పిలుపు కోసం ఎక్కడికో పంపించేయడమా? ఇదంత వింతేం కాదని చెబుదామని, "మా ఆయన నాకు మేనత్త కొడుకే, ఆ మాట చెప్పండి మాస్టారూ," అన్నాను.

ఆయన గ్లాసు కింద పెట్టారు. "చెప్పమంటారా?" అన్నారు.

"చెప్పండి, ఏం?"

చెప్పారు. ఆవిడ నా మెళ్లో మంగళసూత్రాల వైపు చూసింది. తర్వాత నా మొహం చూసింది. ఆ చూపులో కోపం లేదు, అసహ్యం కూడా లేదు. ఎవరికో జరగరానిది జరిగితే చూస్తామే, అలా చూసింది. తర్వాత మెల్లగా ఏదో అడిగింది. మాస్టారు తెలుగులో చెప్పలేదు. నేను పట్టుబట్టాక, ఎటో చూస్తూ, "మీ నాన్నగారికి ఈ సంగతి తెలుసా అంటోందండి," అన్నారు.

తెలియడమేంటి, మా నాన్నే దగ్గరుండి చేశాడు కదా. మా అత్త, మా నాన్న చెల్లెలు, నేను పుట్టిన రోజే ఉయ్యాల దగ్గర నిలబడి ఇది నా కోడలు అందట. బాపట్లలో మా వీధి వీధంతా పెళ్లికొచ్చి, బయటి సంబంధానికి పోకుండా మంచి పని చేశారని మెచ్చుకుని, భోంచేసి వెళ్లారు. ఇదంతా ఎలా చెప్పను? అప్పటిదాకా ఆ పాఠం పేజీలో తలపాగా పెట్టుకుని నిలబడ్డవాళ్లు ఎవరో అనుకునేదాన్ని. ఆ సాయంత్రం ఆ రేకుల గది ముందు మంచం మీద కూర్చున్నది నేనే.

ఆవిడ ఇంకొకటి అడిగింది, నాకు కూతురుందా అని. ఉందన్నాను. దాన్ని మీ అన్నదమ్ముల పిల్లలకెవరికైనా ఇస్తావా అంది. ఇవ్వను అన్నాను, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా. ఎందుకివ్వవు అంది. ఈ రోజుల్లో ఎవరిస్తున్నారండి అన్నాను. ఆవిడ తల ఊపింది, సరిగ్గా తను అనుకున్న మాటే నా నోట వచ్చినట్టు. నేను ఏ పక్షాన మాట్లాడటానికి వచ్చానో నాకే అర్థం కాలేదు.

చివరికి పిల్లనే అడిగాను, నీకేం కావాలే అని. అది మా ముగ్గురినీ మార్చి మార్చి చూసింది. "నాకు బడికి రావాలనుందండి," అని కళ్లనీళ్లు పెట్టుకుంది. తల్లి దాని తల తన నడుముకు అదుముకుంది. అప్పుడు మాస్టారితో ఒక మాట చెప్పింది. ఆ మాట నేర్పింది మీ క్లాసే కాబట్టి, ఆ కుర్రాడు దీనికి అన్న అని మీ క్లాసులోనే అందరి ముందూ చెప్పాలి. అతను ఊరెళ్లే రోజు తను వచ్చి వరండాలో నిలబడి వింటుంది. పిల్లలు మళ్లీ నవ్వారా, ఆ సాయంత్రమే పిల్లని బండి ఎక్కించేస్తుంది.

స్టేషనుకు నడుస్తూ మాస్టారి మీద విసుక్కున్నాను, చూశారా, నన్ను ఎలా చూసిందో అని. ఆయన నవ్వుతూ, తన పెళ్లి సంగతి మొదటిసారి విన్నప్పుడు నేను ఎలా చూశానో గుర్తుందా అన్నారు. ఆయన చేసుకున్నది వాళ్ల చిన్నాన్న కూతుర్ని. మాకు చిన్నాన్న కూతురంటే చెల్లెలు. అప్పుడు నేను పైకేమీ అనలేదు. కానీ నా మొహం అన్నట్టుంది.

ఇంటికొచ్చి బాపట్ల ఫోన్ చేసి మా అమ్మకు చెప్పాను. అమ్మకు కోపం వచ్చింది, ఏ ఊరో ఏ వంశమో తెలియనివాళ్లకిస్తే మంచిదా, చూస్తూ పెరిగిన పిల్లాడికిస్తే తప్పా అంది. ఆ మాటా నిజమే అనిపించింది. మాట్లాడుతూ చూస్తే మా ఆయన పప్పులో ఆవకాయ కలుపుకుంటున్నారు, ఎడమ చేత్తో నుదురు రుద్దుకుంటూ. మా నాన్న కూడా సరిగ్గా అలాగే రుద్దుకునేవాడు. ఛ, నా బుర్రకు ఏమైందో అనుకుని లేచి పెరుగు తెచ్చాను.

ఆవిడ చెప్పిన రోజు వచ్చింది. వరండాలో కిటికీ పక్కన ఆవిడ, ఆవిడకు తోడుగా మాస్టారు. పిల్ల తన చోట్లో కూర్చుంది, తల ఎత్తలేదు. ఆ కుర్రాడి బండి సాయంత్రమే. పిల్ల బట్టల మూట మిల్లులో కట్టి పెట్టే ఉందని నాకు తెలుసు.

మన ఇళ్లలో మామయ్య కొడుకు బావ అవుతాడు, కొందరి ఇళ్లలో అన్న అవుతాడు, రెండూ సరైనవే అని చెప్పాను. పిల్లలు బుద్ధిగానే విన్నారు. ఇక గండం గడిచిందనుకుంటుండగా వెనక బెంచీలోంచి, నా సంసారం సంగతులన్నీ తెలిసినవాడొకడు లేచాడు. వాళ్ల పిన్నిది మా వీధే.

"మరి వాళ్ల లెక్కలో మీ సారు మీకు అన్నయ్య అవుతారాండీ?"

క్లాసు గొల్లుమంది. వాణ్ణి ఏమనాలో తోచలేదు, అసలు వాడన్నదాంట్లో తప్పేముందో కూడా తోచలేదు. కిటికీ వైపు చూడటానికి ధైర్యం చాలలేదు. పని చెడిపోయిందనే అనుకున్నాను.

అప్పుడు ఆ పిల్ల లేచి నిలబడింది. నా వైపు కాదు, వాడి వైపు తిరిగింది.

"మేడమ్ వాళ్లింట్లో బావే. మా ఇంట్లో అన్నయ్య," అంది.

"మీ ఊళ్లో అలాగా?" అన్నాడు వాడు.

"ఆఁ, మా ఊళ్లో."

"మీ ఊరేంటి?"

"రేపల్లె."

"రేపల్లెలో అలా ఎక్కడుందే?"

"మా ఇంట్లో ఉంది. మా ఇల్లు రేపల్లెలోనే ఉందిగా," అని మూతి తిప్పి కూర్చుంది.

ఎవరూ నవ్వలేదు. ఎవరో పేజీ తిప్పారు. నేను వెనక్కు తిరిగి బోర్డు తుడిచాను, దాని మీద ఏమీ రాసి లేకపోయినా.

బయటికొస్తే ఆవిడ మాస్టారిని ఏదో అడుగుతోంది. పిల్ల ఏమందో చెప్పమంటోందని నాకు కూడా తెలిసింది. మాస్టారు నా వైపు చూశారు. హిందీలో ఒక్క ముక్క చెప్పి ఊరుకున్నారు, అందులో భయ్యా అన్నది వినిపించింది, రేపల్లె అన్నది వినిపించలేదు. ఆయన ఎందుకు దాచారో నాకు అర్థమైంది. కన్నతల్లికి, నీ ఊరు తన ఊరు కాదంటోంది నీ కూతురు అని ఎలా చెప్తారు?

ఆవిడ కాసేపు నేల చూపులు చూసింది. తర్వాత మాస్టారితో కాదు, నాతోనే, తెలుగులో అంది. "రేపల్లె అంది కదండీ. విన్నాను."

ఆవిడ కొంగు సర్దుకుని గేటు వైపు వెళ్లిపోయింది. పిల్లని రమ్మని పిలవలేదు. పిల్ల లోపలే ఉండిపోయింది.

ఆ సాయంత్రం మాస్టారు ఏదో పనుండి రేపల్లెలోనే ఆగిపోయారు. నేనొక్కదాన్నే బండెక్కి కిటికీ దగ్గర కూర్చున్నాను. చూస్తే ప్లాట్‌ఫారం మీద ఆ పిల్ల పరుగెత్తుకుంటూ వస్తోంది, వెనక సంచీతో ఆ కుర్రాడు. మొహం నిండా ఇంకా సిగ్గే. పిల్ల అతన్ని నా ఎదుటి సీట్లో కూర్చోబెట్టింది. "మేడమ్, మా అన్నయ్యకి తెలుగు రాదండి. తెనాల్లో బండి మారాలి. కాస్త చూపించండి, ఇక్కడేమీ తెలియదు పాపం," అంది, ఊరికి కొత్తగా వచ్చిన చుట్టాన్ని అప్పజెప్పినట్టు. బండి కదిలాక కూడా చెయ్యి ఊపుతూనే ఉంది. అతను కళ్లు తుడుచుకున్నాడు.

దారంతా ఏదైనా మాట్లాడదామని చూశాను. నాకు హిందీ రాదు, అతనికి తెలుగు రాదు. నువ్వేం తప్పు చేయలేదు బాబూ అని చెప్పాలనిపించింది, అది ఏ భాషలోనూ కుదరలేదు. సంచీలో మిగిలిన జామకాయ ఒకటి ఇస్తే తీసుకున్నాడు. తెనాలిలో దిగి, అతని బండి వచ్చే ప్లాట్‌ఫారం దాకా తీసుకెళ్లి, చేతులతో చూపించాను. రెండు చేతులూ జోడించాడు. సరిగ్గా అప్పుడే అవతల మెట్ల దగ్గర మా ఆయన కనిపించారు, నా కోసం అటూ ఇటూ వెతుక్కుంటూ.

"బావా, ఇక్కడ," అని కేకేశాను.

పక్కనున్న కుర్రాడు గిరుక్కున తిరిగాడు. అతనికి తెలిసిన తెలుగు మాట అదొక్కటే. మా ఆయన్ని చూశాడు, నన్ను చూశాడు, నా మెడ వైపు చూశాడు, తల దించుకున్నాడు. నాకు ఎక్కడికైనా పారిపోవాలనిపించింది. బుద్ధి తెలిసినప్పటి నుంచీ ఆయన్ని అలాగే పిలుస్తున్నాను, ఇంకో పిలుపు నాకు రాదు.

మా ఆయన దగ్గరకొచ్చి, నుదురు రుద్దుకుంటూ, "ఎవరే ఈ అబ్బాయి?" అన్నారు.

"మా క్లాసులో పిల్ల అన్నయ్య, బావా," అన్నాను.